తొట్టి దగ్గర ఎడమకు తిరగండి

హై గిల్,
బ్రాక్‌రిగ్ కొండ కింద,
1986 ఏప్రిల్ 14

‘బ్రాక్‌రిగ్ కొండ: అయిదు నడక దారులు’ అనే పుస్తకం రాసిన క్లెమెంట్ హిండిల్ గారికి, ఆ కొండ కిందే కాపురముండే హిల్డా కీర్టన్ రాయునది.

ఇక్కడ నేను క్షేమం, గొర్రెలు క్షేమం. మీరు క్షేమమో కాదో ఉత్తరం చివరిదాకా చదివి మీరే తేల్చుకోండి.

మీ పుస్తకం పద్నాలుగో పేజీలో, నాలుగో దారి కింద, ఇలా రాశారు: ‘రెండో పొలంలో తెల్లటి పాత స్నానాల తొట్టి కనిపిస్తుంది. తొట్టి దగ్గర ఎడమకు తిరిగి, రాతిగోడ వెంబడి పైకి వెళ్ళండి.’ ఆ తొట్టి నాది. అందులో మా అత్తగారు ముప్ఫై ఏళ్ళు స్నానం చేశారు. ఆవిడ పోయాక గొర్రెలు నీళ్ళు తాగుతున్నాయి. ఈ మార్చిలో ఊట పక్కకు జరిగింది కాబట్టి తొట్టిని కూడా ట్రాక్టరుకు కట్టి ఇంటివైపు రెండు వందల గజాలు జరిపాను. ఇప్పుడు దాని దగ్గర ఎడమకు తిరిగితే వచ్చేది కొండ కాదు, మా వంటిల్లు.

ఈస్టర్ నుంచి ఇప్పటికి పదకొండు మంది వచ్చారు. నిన్న ఒకాయన మీ పుస్తకం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘ఏమండీ, శిఖరం ఇదేనా?’ అని అడిగాడు. నేను పిండి కలుపుతున్నాను. ‘కాదు నాయనా, ఇది నా పొయ్యి’ అన్నాను. వానలో తడిసి ఉన్నాడని టీ ఇచ్చాను, మనిషన్నాక ఇవ్వాలి కదా. తాగి, క్షమించమని నాలుగుసార్లు చెప్పి, గేటు వేయకుండా పోయాడు.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మా ఆయన జాక్ పోయిన నవంబరులో కాలం చేశారు. ఈ కౌలు ఉంచుకుంటానో వదిలేస్తానో సెప్టెంబరు ఆఖరుకల్లా ఎస్టేటు వాళ్ళకు చెప్పాలి. వదిలేస్తే కొండ దక్షిణపు వాలు అంతా కంచె వేసి స్ప్రూస్ అనే కలప చెట్లు నాటుతారట. మేనేజరు అప్పుడే మ్యాపులో ఆ వాలుకు పచ్చరంగు వేసుకొచ్చి చూపించాడు. మీ అయిదు దారుల్లో నాలుగు ఆ పచ్చరంగు కిందే ఉన్నాయి. మూడు వందల గొర్రెల్ని ఒక్కదాన్నీ, ఒక ముసలి కుక్కా కలిసి కొండ దింపడం ఎలాగా అని నేను తల పట్టుకుని కూర్చుంటే, మీ పాఠకులొచ్చి నన్ను శిఖరం అడుగుతున్నారు. పుస్తకం సరిచేయండి.

ఇట్లు, పని మానుకుని ఉత్తరం రాస్తున్న
హిల్డా కీర్టన్

తా.క. ఒకావిడ ‘ఇక్కణ్ణుంచి దృశ్యం బాగుంటుందని విన్నాను’ అంది. ఆదివారాలే ఉంటుందని చెప్పి పంపాను.


డార్లింగ్‌టన్,
ఏప్రిల్ 21

గౌరవనీయులైన శ్రీమతి కీర్టన్ గారికి నమస్కారాలతో క్లెమెంట్ హిండిల్ రాయునది.

నేను ప్రస్తుతానికి క్షేమమే. జాక్ గారి సంగతి తెలిసి చాలా బాధపడ్డాను. ఇరవై రెండేళ్ళ క్రితం నేను ఆ దారి కొలుస్తున్నప్పుడు ఆయన గోడ మీద కూర్చుని నన్ను అరగంట సేపు చూశారు. ఆఖరుకు, ‘కొండ ఎక్కడికీ పోదులే, నెమ్మదిగా కొలుచుకో’ అన్నారు. మా స్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు భూగోళం చెప్పాను, అంతకంటే మంచి మాట నేనెప్పుడూ చెప్పలేదు.

ఇక తొట్టి విషయం. నా పుస్తకం మూడో ముద్రణలో ఉంది. లోయలో ఉన్న అన్ని దుకాణాల్లోనూ కాపీలున్నాయి. గోడలు కూలుతాయి, గేట్లు మారతాయి, గొర్రెలు అసలే మాట వినవు. ఆ కొండ మీద నేను నమ్ముకున్నది ఒక్క మీ తొట్టినే. అందువల్ల పుస్తకాన్ని తొట్టికి సరిపెట్టడం కంటే తొట్టిని పుస్తకానికి సరిపెట్టడం తేలికని సవినయంగా మనవి చేస్తున్నాను. దయచేసి వెనక్కి పెట్టండి.

కొండకు చెట్లు నాటే మాట నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. బ్రాక్‌రిగ్ ఎత్తయిన కొండేమీ కాదు. పోస్టుకార్డు మీద కూడా ఎవరూ వేయరు. కానీ ఆ గోడ వెంబడి ఎక్కుతుంటే గడ్డి మీద గాలి ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెడుతుంది, పైన కర్లూ పిట్ట కూస్తుంది, మనిషికి తన కష్టాలు ఎవరివో అన్నట్టుంటాయి. అక్కడ చెట్లు పెడితే ఆ గాలి ఎక్కడికి పోతుందండీ?

భవదీయుడు,
క్లెమెంట్ హిండిల్

తా.క. మీరు తొట్టి పెట్టానన్న చోట నా మ్యాపులో ఊట ఏదీ లేదు. మ్యాపు తప్పా?


హై గిల్,
మే 19

హిండిల్ గారికి, మొండితనంలో మీకు తీసిపోని హిల్డా కీర్టన్ రాయునది.

మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకమని మొదటి వాక్యంలోనే తెలిసింది. తొట్టి కదలదు. కానీ నాకూ న్యాయం తెలుసు కాబట్టి దాని పక్కన ఒక పలక పాతాను. ‘శిఖరం ఇటు కాదు’ అని సున్నంతో రాశాను. ఇప్పుడు వాళ్ళు ఆ పలక దగ్గర నిలబడి ఫోటో దిగి, అది ఏ కాలం నాటిదో అడగడానికి నా వంటింట్లోకి వస్తున్నారు.

పోయిన శనివారం గొర్రెపిల్లలకు గుర్తులు వేస్తున్నాను. రాతిగోడలో ఒకచోట గండి పడింది. జాక్ ఉంటే ఆయన గండిలో నిలబడేవారు, నేను తోలేదాన్ని. సరిగ్గా అప్పుడే లీడ్స్ నుంచి ఒకావిడ, ఖరీదైన కోటు, కొత్త బూట్లు, ఎడమకు తిరిగి వచ్చేసింది. ‘నేను దారి తప్పానేమో’ అంది. ‘తప్పితే తప్పావు గానీ తల్లీ, చేతులు చాపి ఆ సందులో నిలబడు’ అన్నాను. ‘నాకు గొర్రెలంటే భయమండీ.’ ‘గొర్రెక్కూడా నువ్వంటే భయమే. ఎవరు ముందు కదిలితే వాళ్ళు ఓడినట్టు.’

కదల్లేదండీ ఆవిడ. పదహారు గొర్రెలు మీదికొస్తుంటే కళ్ళు మూసుకుని నిలబడింది. తర్వాత కేకు, దాని మీద చీజు ముక్క పెట్టి ఇస్తే కోటు నిండా బురదతో గడప మీద కూర్చుని తింటూ, కోర్టులో ఇరవై ఏళ్ళుగా వాదిస్తున్నాను గానీ ఒక్కరోజూ ఇంత పనికొచ్చినట్టు అనిపించలేదని చెప్పింది. పేరు బెరిల్ అట. ఇలాంటివాళ్ళు నా పనికి ఎంత అడ్డమో మీరే ఆలోచించండి.

ఇంకో తప్పు. ఇరవై రెండో పేజీలో శిఖరం మీంచి తూర్పున సముద్రం కనిపిస్తుందని రాశారు. నలభై అయిదేళ్ళుగా ఆ కొండ ఎక్కుతున్నాను. సముద్రం లేదు. ఉంటే నాకు ఎవరో ఒకరు చెప్పేవారు.

ఇట్లు,
హిల్డా కీర్టన్

తా.క. మీ మ్యాపు తప్పో ఒప్పో నాకు తెలియదు. మ్యాపులు నీళ్ళు తాగవు.


డార్లింగ్‌టన్,
జూన్ 2

శ్రీమతి కీర్టన్ గారికి, మీకు కలిగిన అడ్డంకులకు తలవంచుకుని హిండిల్ రాయునది.

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. ఒక వితంతువు గడప మీద నా పాఠకులు, అందులోనూ ఒక లాయరు, కూర్చుని కేకు తినడమా. మీరు తొట్టిని కదపలేనంటున్నారు, నేను పుస్తకాన్ని కదపలేను. అందుకని మధ్యేమార్గం చూశాను. ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో అచ్చం అలాంటి తొట్టే దొరికింది. కొళాయి చివర కాస్త పెచ్చు ఊడింది, అంతే. లారీ ఆయనకు నా పుస్తకం ఒక కాపీ ఇచ్చి, పద్నాలుగో పేజీ తెరిచి, పాత తొట్టి ఉండే చోటే దించమని చెప్పాను. మీ తొట్టి మీ గొర్రెలకు, నా తొట్టి నా పాఠకులకు. ఇక మీ గుమ్మం తొక్కేవాడు ఉండడు.

సముద్రం విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. సముద్రం ఉంది.

భవదీయుడు,
క్లెమెంట్ హిండిల్

తా.క. ఊట సంగతి మీరు చెప్పలేదు.


హై గిల్,
జూలై 9

హిండిల్ గారికి, ఇప్పుడు మూడు తొట్లకు యజమానురాలైన హిల్డా కీర్టన్ రాయునది.

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు. మీ లారీ ఆయన చాలా బుద్ధిమంతుడు. మీరు చెప్పినట్టే పద్నాలుగో పేజీ తెరిచి, తొట్టి కనబడగానే ఎడమకు తిరిగి, తిన్నగా నా గుమ్మంలోకొచ్చి, రెండో తొట్టిని మెట్ల పక్కన దించాడు. టీ తాగి పోయాడు. దాన్ని కదపడానికి నలుగురు మగవాళ్ళు కావాలి. కాబట్టి అది అక్కడే ఉంది.

అది చూసి పక్క పొలం విల్ఫ్ కోట్స్ నేను తొట్లు పోగుచేస్తున్నాననుకున్నాడు. ఏం మాట్లాడకుండా, ఏం అడగకుండా, వాళ్ళ గొడ్ల పాకలో ఉన్న గులాబీరంగు తొట్టిని తెచ్చి పెట్టి వెళ్ళాడు. జాక్ పోయినప్పటి నుంచి ఆయన నాతో అన్న మొదటి మాట అదే. అంటే మాటేమీ అనలేదు, తొట్టి దించాడు.

దీంతో నడకవాళ్ళలో తొట్టి ఉన్న చోట టీ ఉంటుందని పేరు పడిపోయింది. జూలై అయిదో తారీకు ఉన్ని కత్తిరింపు కోసం గొర్రెల్ని దింపాల్సిన రోజు. పొద్దున తొమ్మిదికల్లా వంటింట్లో పద్నాలుగు మంది. బెరిల్ పాత కోటు వేసుకుని వచ్చింది, వెంట ఇద్దరు గుమాస్తాలు. కూర్చోబెట్టి మేపడమెందుకని అందర్నీ కొండకు తోలాను. ఒక్కొక్కళ్ళనీ ఒక్కో సందులో నిలబెట్టాను. పొగమంచు దిగింది, వాన పడింది, సండర్లాండ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు నడుం దాకా ఊబిలో దిగి నవ్వుతూ ఉన్నాడు. రెండున్నరకల్లా మూడు వందల గొర్రెలూ దొడ్లో ఉన్నాయి. జాక్ ఉన్నప్పుడు మాకు రెండు రోజులు పట్టేది.

అంతలో ఎస్టేటు మేనేజరు చెట్ల మాట మాట్లాడదామని వచ్చాడు. పెరట్లో అంతమందిని చూసి, ‘మీకు ఇంత బలగం ఉందా?’ అని అడిగాడు. లేదు, వీళ్ళంతా దారి తప్పినవాళ్ళు అన్నాను.

ఇట్లు,
హిల్డా కీర్టన్

తా.క. గులాబీరంగు తొట్టిలో బంగాళాదుంపలు వేశాను. మీ తొట్టి పని ఇంకా ఆలోచించలేదు.


డార్లింగ్‌టన్,
జూలై 28

శ్రీమతి కీర్టన్ గారికి, అపరాధి హిండిల్ రాయునది.

ఈ పది రోజుల్లో నా పాఠకుల నుంచి తొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన నాలుగో దారిలో ‘గొర్రెలు తోలడం’ ఏ మెట్టు దగ్గర మొదలవుతుందో పుస్తకంలో లేదని ఫిర్యాదు చేశాడు. ఒక పళ్ళ డాక్టరు ఊబిలో పోయిన బూటు దొరికితే పంపమన్నాడు. ఇంకొకాయన, వంటింటి దృశ్యం శిఖరం కంటే బాగుందట, దానికి నేను రెండు పేజీలు కేటాయించాలట. అందరూ కలిసి నన్ను వెక్కిరిస్తున్నారని అర్థమైంది. తప్పంతా నాది. మీరు ఏప్రిల్‌లోనే పుస్తకం సరిచేయమన్నారు. నేను వినకుండా తొట్టి పంపాను.

సరిచేశాను. సవరణ చీటీలు అచ్చు వేయించాను: ‘14వ పేజీ. తొట్లను పట్టించుకోకండి. కుడివైపు గోడ వెంబడే నడవండి.’ బస్సెక్కి లోయలో ఉన్న పన్నెండు దుకాణాలకూ వెళ్ళి, ప్రతి కాపీలోనూ నా చేత్తో అంటించాను. జిగురు నాణ్యమైనది. ఇక మిమ్మల్ని ఎవరూ ఇబ్బంది పెట్టరని మాట ఇస్తున్నాను.

భవదీయుడు,
క్లెమెంట్ హిండిల్

తా.క. నా తొట్టిని మీకు కానుకగా ఇచ్చేశాను. క్షమాపణ అనుకోండి.


హై గిల్,
ఆగస్టు 25

హిండిల్ గారికి హిల్డా కీర్టన్ రాయునది.

మీ చీటీలు పనిచేశాయి. మూడు ఆదివారాలుగా ఎవరూ రాలేదు. కుడివైపు గోడ వెంబడి చీమల్లా వరసగా పోతున్నారు, కిటికీలోంచి కనబడుతున్నారు. ఒకరిద్దరు చెయ్యి ఊపారు. నేను కోరింది ఇదే. చాలా సంతోషం.

సెప్టెంబరు ఇరవైన గొర్రెల్ని మళ్ళీ దింపాలి, తల్లుల నుంచి పిల్లల్ని వేరు చేసే రోజు. అది నా ఒక్కదాని వల్ల కాదు. ఆ తర్వాత ఎస్టేటుకు వదిలేస్తున్నానని రాసేద్దామనుకుంటున్నాను. ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

మీ సాయానికి కృతజ్ఞతలు.

ఇట్లు,
హిల్డా కీర్టన్

తా.క. శనివారం అలవాటు కొద్దీ పద్నాలుగు మందికి కేకు చేశాను. కుక్కకు కడుపు బాగాలేదు.


డార్లింగ్‌టన్,
సెప్టెంబరు 3

శ్రీమతి కీర్టన్ గారికి హిండిల్ రాయునది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కృతజ్ఞతలాగే ఉంది. రెండోసారి అనుమానం వచ్చింది. మూడోసారి మేష్టారి కళ్ళతో చదివాను. ‘నాకు కడుపునొప్పి, నేనేమీ ఏడవడం లేదు’ అని పిల్లలు రాసిన చీటీలు ఇరవై తొమ్మిదేళ్ళు చదివినవాణ్ణి. ఆ మాత్రం తెలుస్తుంది.

ఇరవయ్యో తారీకు నేను వస్తున్నాను. బెరిల్ గారికి రాశాను, పళ్ళ డాక్టరుకు రాశాను, నన్ను వెక్కిరించారనుకున్న తొమ్మిదిమందికీ రాశాను. ఈలోగా దుకాణాలకు వెళ్ళి చీటీలు గీకేస్తున్నాను. జిగురు మరీ నాణ్యమైనది. పద్నాలుగో పేజీ కూడా కాస్త ఊడి వస్తోంది.

వచ్చే ముందు ఒక నిజం చెప్పాలి. నేను ఆ కొండ పదకొండుసార్లు ఎక్కాను. పదకొండుసార్లూ శిఖరం మీద మబ్బే. నా చెయ్యి నాకే కనబడలేదు. సముద్రం మ్యాపులోంచి లెక్కగట్టి రాశాను. ఇరవై రెండేళ్ళుగా జనం ఆ పేజీ నమ్మి ఎక్కుతున్నారు. ఎవరైనా నిలదీస్తారేమోనని నేను మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

మీ
క్లెమెంట్ హిండిల్

తా.క. చీటీలన్నీ గీకడం పూర్తికాకపోతే ఏంచేయాలని ఆలోచించి ఇంకో చీటీ అచ్చు వేయించాను: ‘పై చీటీని పట్టించుకోకండి.’


హై గిల్,
సెప్టెంబరు 30

క్లెమెంట్ గారికి, ఎదురుపడి మాట్లాడటం చేతకాని హిల్డా రాయునది.

ఆ రోజు వంటింట్లో మీరు నన్నొక మాట అడిగారు, నేను టీ పోశాను. మళ్ళీ అడిగారు, మళ్ళీ పోశాను. నాలుగు కప్పులయ్యాక పాపం మీరే ఊరుకున్నారు. దానికి జవాబు చివర్న రాస్తాను. ముందు మిగతావి.

మీరు వెళ్ళాక బెరిల్ లెక్కపెట్టింది. ముప్ఫై ఒక్కమంది వచ్చారట. విల్ఫ్ కోట్స్ తన రెండు కుక్కలతో వచ్చాడు, ‘ఊరికే ఇటు పోతున్నా’ అన్నాడు. ఆయన పొలం నుంచి నా పొలానికి ఊరికే పోయే దారి లేదు. నాకు ఏడుపొచ్చింది, మంచి పని జరుగుతుంటే ఏడవడమేమిటని మొహం కడుక్కున్నాను.

పైన మబ్బు విడిపోయినప్పుడు నేను గొర్రెల్నే చూస్తున్నాను. మీరు శిఖరం రాళ్ళ మీద కూర్చుని చప్పుడు చేయడం లేదు. గుండె పట్టుకుందేమోనని భయపడి పరుగెత్తుకొచ్చాను. మీరు వేలు చూపించారు. లోయ అవతల, పొలాల అవతల, ఆకాశం అంచున సన్నటి వెండి గీత. నలభై అయిదేళ్ళు ఆ కొండ ఎక్కాను క్లెమెంట్ గారూ. ఎక్కేటప్పుడు కుక్కను చూసుకునేదాన్ని, ఎక్కాక కిందనున్న గొర్రెల్ని చూసుకునేదాన్ని. తల ఎత్తి తూర్పుకు చూడమని ఎవరూ చెప్పలేదు. జాక్ కూడా చూసి ఉండరు. అదొక్కటే బాధ. మీ ఇరవై రెండో పేజీ ఒప్పు. ఒప్పుకున్నాను, ఫ్రేము కట్టించుకోండి.

నిన్న ఎస్టేటుకు రాశాను, ఉంటానని. మేనేజరు ఈ పొద్దున్నే వచ్చాడు. ఏడాదికి మూడుసార్లు గొర్రెలు దింపడానికి మనుషులున్నంత కాలం కొండ జోలికి రామని చెప్పాడు. మ్యాపులో పచ్చరంగు తుడవడానికి రబ్బరు అడిగాడు. ఇచ్చాను.

నాలుగో ముద్రణలో పద్నాలుగో పేజీ మార్చకండి. కావాలంటే ‘గేటు వేయవలెను’ అని ఒక్క మాట చేర్చండి.

ఇట్లు, మీ
హిల్డా

తా.క. ఊట ఎక్కడ ఉందని మీరు ఉత్తరాల్లో రెండుసార్లు అడిగారు, వంటింట్లో నాలుగు కప్పుల టీ అయ్యేదాకా అడిగారు. ఎక్కడా లేదు. గొర్రెలు వాగులోనే తాగుతున్నాయి, తొట్టి మార్చి నుంచి ఎండిపోయి ఉంది. చలికాలమంతా ఈ ఇంట్లో నా గొంతు నేనే మర్చిపోయాను. మార్చిలో ఒక రోజు మంచులో దారి తప్పి ఒక పిల్ల గుమ్మంలోకొచ్చింది, గంటసేపు మాట్లాడింది. మర్నాడే తొట్టిని జరపడానికి ట్రాక్టరు తీశాను. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ మా వైపు వాళ్ళం అమ్మ పెట్టినా మొదటిసారి వద్దంటాం. ‘మా ఇంటికి మనుషుల్ని పంపండి’ అని ముక్కూ మొహం తెలియనాయనకు ఎలా రాయను? ఫిర్యాదయితే ఎవరికైనా రాయొచ్చు.

ఇంకో తా.క. ఆ తొట్టి అడుగున బిరడా కూడా లేదు. లాగే ముందు నీళ్ళు వదిలేయడానికి గొలుసుతో సహా పీకేసి వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించాను. ఇరవయ్యో తారీకున మీరు టోపీ తగిలించింది దానికే. టోపీ ఇంకా అక్కడే ఉంది. పోస్టులో పంపను, వచ్చి తీసుకెళ్ళండి. దారి తెలుసుగా.